సోషల్ నాటి బాడుగ కారు

18-2-1955, శుక్రవారం

ఈ ఏడు మా సిక్స్త్ ఫారం వాళ్ళకు ఫేర్‌వెల్ సోషల్ సాయంత్రం పెడతారట. హెడ్మిస్ట్రెస్ గారు ప్రేయర్ అయ్యాక చెప్పారు. ప్రతి ఏడూ మధ్యాహ్నం మిక్చరు, కాఫీ, ఒక గ్రూప్ ఫోటో, ఇంటికి. ఈసారి మార్చి అయిదో తేదీ శనివారం దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది. పాటలు, నాటకం, భోజనం. గేటుకు రంగు బల్బులు కడతారట.

ఇదంతా మద్రాసు అమ్మాయిల వల్ల. రాజధాని ఆఫీసులతో పాటు మద్రాసు నుంచి మా కర్నూలుకు వచ్చిన ఆఫీసర్ల పిల్లలను మేం అట్లాగే పిలుస్తాం. వాళ్ళ పాత బళ్ళలో సోషల్ అంటే సాయంత్రమేనట. కార్లలో వచ్చి గేటు దగ్గర దిగేవాళ్ళట. డ్రైవరు వచ్చి తలుపు తీసేదాకా లోపలే కూచోవాలట. మన చేత్తో మనం తీసుకుంటే మర్యాద కాదట. ఎందుకు కాదో నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వారు.

వాళ్ళకు ఆఫీసు జీపులున్నాయి. మాకు కాళ్ళున్నాయి.

19-2-1955, శనివారం

వెంకటలక్ష్మి ఒక మాట అంది. మనమూ ఒక కారు బాడుగకు మాట్లాడుకుందాం అని. వెంకటలక్ష్మి పల్లెలో భూములున్న రెడ్ల పిల్ల. ఇక్కడ చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ళ చిన్నాయన సరే అన్నాడట, మా ఇంట్లోనూ కృష్ణవేణి ఇంట్లోనూ ఒప్పుకుంటేనే. కృష్ణవేణి మా సందు మొదట్లో ఉంటుంది. ముగ్గురం చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ.

నేను ఇంతవరకు కారెక్కలేదు. దగ్గర నిలబడి చూశాను, అంతే. బయలుదేరే ముందు అది ఎందుకు అంత వణుకుతుంది? ముందున్న రేకు మూత ఎత్తితే లోపల ఏముంటుంది? డ్రైవరు చక్రం కొంచెమే తిప్పుతాడు, బండి అంతా తిరిగిపోతుంది. అదెట్లా? లోపల కూచుంటే వీధి ఎట్లా కనిపిస్తుంది?

సోషల్ కంటే నాకు కారు మీదే మనసుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

21-2-1955, సోమవారం

నాయనను అడగలేదు. రేపు అడుగుతాను.

24-2-1955, గురువారం

అడిగాను. వద్దన్నాడు.

మా నాయన నాగేశ్వరయ్యకు వేరుశనగ మండీ ఉంది. పొద్దున పోతే దీపాలు పెట్టాకే వస్తాడు. అన్నం తినేటప్పుడు తప్ప దొరకడు. మజ్జిగ అన్నం కలుపుకుంటుంటే చెప్పాను. తల ఎత్తలేదు. చీకటి పడ్డాక వయసొచ్చిన ఆడపిల్లలు పరాయి మగవాడు తోలే కారులో పోవడమా అన్నాడు. ఎవరైనా పెద్దవాళ్ళు తోడుంటే అని అమ్మ సగం మాట అంది. నువ్వు పోతావా అన్నాడు. అమ్మకు చంటి తమ్ముడితో పని.

అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి మాట వినిపించింది.

"నేను పోతా, అన్నా."

మా మేనత్త కన్యకమ్మ. నాయనకు ఒక్కతే చెల్లెలు. చిన్నతనంలోనే కోడుమూరులో ఇచ్చి పెళ్ళి చేశారు. కాపురానికి పోకముందే ఆయన పోయాడు. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ అత్త మా ఇంట్లోనే ఉంది. తెల్లచీర, తల మీద ముసుగు. తెల్లవారక ముందు తుంగభద్రకు స్నానానికి పోయి వస్తుంది. ఆపైన వంటిల్లు, దొడ్డి, వెనక గది. నలుగురి ముందూ ఆమె మాట్లాడడం నేను వినలేదు. ఇది కావాలని అడగడం అసలే వినలేదు.

నాయన కూడా వినలేదనుకుంటాను. చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. చూద్దాం అని లేచిపోయాడు.

27-2-1955, ఆదివారం

నాయన ఒప్పుకున్నాడు. అమ్మకు ఇంకా నమ్మకం లేదు.

ఎలక్షన్లు అయిపోయేదాకా ఊళ్ళో బాడుగ కారు కంటికి కనిపించలేదు. అన్నీ జెండాలు కట్టుకుని పల్లెలు తిరిగాయి. ఇప్పుడు బస్సుల రామకోటయ్య తన నల్ల ఫోర్డు ఇస్తానన్నాడట. పెళ్ళిళ్ళకు తిప్పే కారు. కిటికీలకు పరదాలుంటాయి. పరదాలు దించే ఉంచాలి, అత్త వెంట ఉండాలి, భోజనం కాగానే రావాలి. ఇవి నాయన పెట్టిన షరతులు. బాడుగ మూడిళ్ళూ పంచుకుంటాయి.

నువ్వెందుకు వస్తానన్నావు అని అత్తను అడిగాను. మండీ నుంచి పొట్లాలతో వచ్చిన పాత పేపరు ముక్క చదువుతోంది. అత్తకు చదవడం వచ్చు. నా వాచకాలు చూసి తనంతట తనే నేర్చుకుంది. అసెంబ్లీ అనే మాట మీద వేలు పెట్టి ఉంది.

ఊరికే అంది.

ఊరికే కాదు. ఏమిటో తెలుసుకోవాలి.

1-3-1955, మంగళవారం

గొడవ వచ్చింది. అత్త వెంట వస్తుందని తెలిసి కృష్ణవేణి వాళ్ళమ్మ పంపనంటోంది. పబ్లిక్ పరీక్షల ముందు బయలుదేరేటప్పుడు ఎదురుగా ఎవరుండాలో ఎవరుండకూడదో మీకు తెలీదా అని అమ్మతో అందట. నాకు చాలా కోపం వచ్చింది. ఆ తరువాత, అత్త కాకుండా ఇంకెవరైనా ఉంటే బాగుండునేమో అని ఒక్క నిమిషం అనుకున్నాను. ఎవరున్నారని. అత్త రాకపోతే కారూ లేదు.

అత్తకు ఎవరు చెప్పారో తెలీదు. సాయంత్రం బియ్యం ఏరుతూ నన్ను పిలిచింది.

"నేను ముందే పోయి కార్లో కూచుంటా. ఆయమ్మకు చెప్పు. ముందే కూచున్న మనిషి ఎదురొచ్చినట్టు యాడుండాది?"

కృష్ణవేణి వాళ్ళమ్మ సరే అందట.

4-3-1955, శుక్రవారం

డ్రైవరు మా సందు చూసుకోవడానికి వచ్చాడు. పేరు పెద్ద ఈరన్న. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా, తల మీద పాత టోపీ. ఒకప్పుడు ఎవరో దొర దగ్గర పని చేశాడట, ఆ టోపీ అప్పటిదట. సందులోకి కారు రాదు, మొదట్లో ఆపుతానన్నాడు. ఎవరెవరు వస్తారని అడిగాడు. మేం ముగ్గురం, మా అత్త అని చెప్పాను. అత్త పేరు అడిగాడు. ఎందుకని అడగాలనిపించింది కానీ సిగ్గయ్యి అడగలేదు. కన్యకమ్మ అని చెప్పాను.

రేపే.

5-3-1955, శనివారం, సాయంత్రం 4 గంటలు

పట్టు లంగా మీద ఇస్త్రీ మరక పడింది. జడలో పూలు నిలవడం లేదు. అత్త మాత్రం ఎప్పుడో తయారయి వెనక గది గడప మీద కూచుని ఉంది. ఉతికిన తెల్లచీర. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడికి మొదటిరోజు పోయే పిల్ల మాదిరి.

6-3-1955, ఆదివారం, పొద్దున

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు వరుసగా రాస్తాను.

పొద్దు వాలుతుండగా అత్త ఒక్కతే ముందు పోయింది. ముసుగు ముందుకు లాక్కుని, గోడ వారగా, సందు పొడుగునా. మేం వాకిట్లో నిలబడి చూశాం. ఆమెను చూసి ఒకరిద్దరు ఆడవాళ్ళు లోపలికి జరిగారు. కారు దగ్గర పెద్ద ఈరన్న జరగలేదు. తలుపు తీసి, కూసోండమ్మా అన్నాడు. తరువాత మేం పోయాం. కృష్ణవేణి వాళ్ళమ్మ గడపలో నిలబడి కారు వైపు చూడకుండా చూసింది.

కారు లోపల పెట్రోలు వాసన, పాత తోలు వాసన, ఏ పెళ్ళిలోవో వాడిన మల్లెల వాసన. పెద్ద ఈరన్న ముందు వైపు ఇనప కడ్డీ పెట్టి తిప్పాడు. కారు ఒళ్ళంతా వణికింది. నా పళ్ళు కూడా వణికాయి. వెంకటలక్ష్మి పగలబడి నవ్వింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. భయమా అని అడిగితే కాదని తల ఊపింది. పరదా అంచు వేలితో కొంచెం పక్కకు జరిపి బయటికి చూస్తోంది. నేనూ రెండో వైపు అట్లాగే చూశాను. రోజూ నడిచే బజారే. కానీ అంగళ్ళు నడుస్తున్నట్టు, మేం కూచున్నట్టు ఉంది.

బడి గేటు దగ్గర పెద్ద ఈరన్న దిగి వచ్చి తలుపు తీశాడు. మేం ఒకరి వెనక ఒకరం దిగాం. మద్రాసు అమ్మాయిలు తిరిగి చూశారు. వెంకటలక్ష్మి మెడ ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు నిన్ననే తెలిసింది. అత్త దిగనంది. మీరు పోయి రాండి, నేను ఈడనే ఉంటా అంది.

సోషల్ బాగా జరిగింది. పాటలో నా గొంతు ఒకచోట పక్కకు పోయింది, ఎవరూ గమనించలేదు. నాటకంలో రాజుగారి మీసం ఊడింది, అది అందరూ గమనించారు. హెడ్మిస్ట్రెస్ గారు మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నారు. రంగు బల్బులు మూడుసార్లు ఆరిపోయి వెలిగాయి.

నాటకానికీ భోజనానికీ మధ్య అత్తకు నీళ్ళేమైనా కావాలేమో అని గేటు దగ్గరికి పోయాను. కారు లేదు.

వాచ్‌మన్‌ను అడిగాను. ఆయమ్మ డ్రైవరుతో ఏందో మాట్లాడింది, కారు పోయింది అన్నాడు. ఎటు అంటే చెయ్యి ఊరి బయటికి చూపించాడు.

ఏమేమో అనుకున్నాను. అవన్నీ ఇక్కడ రాయను. ఎవరికి చెప్పాలి? నాయనకు కబురు పంపితే అత్త గతి ఏమవుతుంది? పంపకపోతే ఏమవుతుంది? లోపలికి పోయి పంక్తిలో కూచున్నాను. లడ్డు పెట్టారు. దాని రుచి నాకు తెలీదు.

చేతులు కడుక్కుని పరుగున వచ్చాను. కారు గేటు దగ్గరే ఉంది, ఎక్కడికీ పోనట్టు. వెనక కిటికీ పరదా మాత్రం పైకి కట్టేసి ఉంది. అత్త బయటికే చూస్తూ కూచుంది. ముసుగు భుజం మీదికి జారింది, ఆమె సర్దుకోలేదు. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని ఉంది. చెవి నొప్పా అని వెంకటలక్ష్మి అడిగింది. లేదంది. మిగిలిన ఇద్దరికీ ఏమీ తెలీదు.

ఇంటికి వచ్చి, వెనక గదిలో చాప వేసుకున్నాక చెప్పింది.

మేం దిగిపోయాక పెద్ద ఈరన్న, శానా సేపు పడతాదమ్మా, గాలికి కొంచెం దిగండి అన్నాడట. ఈడి నుంచి రాజధాని ఎంత దూరం అని అత్త అడిగిందట. ఆయన నవ్వాడట, ఇదే గదమ్మా రాజధాని అని.

"వచ్చి ఏడాది దాటిపాయ. పేపర్లో రోజూ కర్నూలు, కర్నూలు అని రాస్తారు. నేను ఈ ఊర్లోనే ఉండా. ఒకతూరి గూడా చూడలే. చూపిస్తావా అప్పా అంటి."

పెద్ద ఈరన్న ఇనప కడ్డీ తీసుకున్నాడట.

అదీ సంగతి. మా అత్త రాజధాని చూడడానికి పోయింది.

నేను నవ్వాపుకోలేకపోయాను. అత్త కూడా నవ్వింది. తరువాత చెప్తూనే ఉంది. క్యాంపు దారిలో వరుసగా గవర్నమెంటు ఆఫీసుల డేరాలట. లోపల దీపాలు వెలుగుతుంటే పెద్ద పెద్ద లాంతర్లు నేల మీద పెట్టినట్టు ఉన్నాయట. గుడ్డ మీద మనుషుల నీడలు లేస్తూ కూచుంటూ ఉన్నాయట. ఎలక్షన్ పని ఇంకా తెగలేదని శనివారం రాత్రి కూడా రాసుకుంటున్నారట.

"గవర్నమెంటంటే రాతి కోట అనుకుంటి. మన పెండ్లి పందిరి మాదిరి తాళ్ళు కట్టుకోని ఉండాది. ఆ తాడు తట్టుకోని నేను పడబోతి."

ఒక డేరాలో నుంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చి ఎవరు కావాలమ్మా అని అడిగిందట. అక్కడ ఉద్యోగం చేసే ఆమె. ఎవరూ వద్దు, చూసి పోదామని వచ్చినా అని అత్త చెప్పిందట. ఆమెకు కోపం రాలేదట. లోపలికి పిలిచి కుర్చీ వేసిందట. బల్ల మీద టెలిఫోను ఉందట. అది మోగితే ఆమె తీసి, ఒక నిమిషం ఆగమని అవతలి వాళ్ళకు చెప్పి, అత్త చెవి దగ్గర పెట్టిందట. నంద్యాల నుంచి ఎవరో మగమనిషి, ఎవరండీ మాట్లాడేది అని అడుగుతున్నాడట.

ఏం చెప్పావు అని అడిగాను.

"కన్యకమ్మ అని చెప్పినా."

ఆ మాట అనేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదు. నాకు తెలుసు.

7-3-1955, సోమవారం

తెలిసిపోయింది.

మండీకి వచ్చే దళారీ ఒకడు క్యాంపు దారిలో కారు చూశాడట. పరదా తీసి ఉందట, లోపల తెల్లచీర, ముందు డ్రైవరు, ఇంకెవరూ లేరట. నాగేశ్వరయ్య గారి చెల్లెలా అని నలుగురిలో అడిగాడట. నాయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. ఆయన మధ్యాహ్నం ఇంటికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

ముందు నన్ను అడిగాడు. నాకు అప్పుడు తెలీదు, తరువాత తెలిసింది అన్నాను. అంతలో అత్తే బయటికి వచ్చి, నేనే పొమ్మన్నా అంది.

"పొమ్మనేది నీకు ఎవరు నేర్పినారు?" అన్నాడు నాయన.

నాయన ఆమెను నమ్మలేదు. తన చెల్లెలు ఒక మగవాడికి ఫలానా చోటికి తోలు అని చెప్పగలదని ఆయన అనుకోలేకపోయాడు. డ్రైవరే ఏదో మాయమాట చెప్పి తీసుకుపోయాడని తేల్చుకున్నాడు. చెప్పులు వేసుకుని నేరుగా రామకోటయ్య దగ్గరికి పోయాడు.

8-3-1955, మంగళవారం

పెద్ద ఈరన్నను పనిలో నుంచి తీసేశారు. అత్తను కోడుమూరు పంపిస్తారట.

9-3-1955, బుధవారం

కోడుమూరులో అత్తకు బావగారి ఇల్లుంది. పెద్ద సంసారం. అక్కడ ఆమెకు ఉండే పని వంట, వడ్ల దంపుడు, పురుళ్ళు. ఆ ఇంట్లో మనిషిని పేరు పెట్టి పిలవరట, ఓయ్ అంటారట. అమ్మ చెప్పింది. చెప్తూ కన్నీళ్ళు పెట్టుకుంది. మరి నాయనకు చెప్పవచ్చు కదా అన్నాను. చెప్పిందట.

ఈరోజు బడి నుంచి వస్తుంటే గేటు దగ్గర పెద్ద ఈరన్న నిలబడి ఉన్నాడు. టోపీ లేదు. నేను భయపడ్డాను, ఎవరైనా చూస్తారేమో అని. ఆయన దూరంగానే నిలబడి మాట్లాడాడు. డోన్ పోతున్నాడట. అక్కడ లారీ మీద పని చూసుకుంటాడట. భార్యకు ఒంట్లో బాగాలేదు, ఆమెను ఇక్కడ ఎవరికి వదలాలా అని ఒకటే దిగులుగా ఉందన్నాడు. అయినా అమ్మగారి మీద తనకేమీ కోపం లేదని చెప్పమన్నాడు.

ఎందుకు తీసుకుపోయావని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీసం రాకముందు నుంచి బండి తోల్తాండానమ్మా. యాడికి పోవల్ల అంటే అందరూ ఏదో పని చెప్తారు. చూడల్ల అని చెప్పింది మీ అత్త ఒకతే."

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. పిండి రుబ్బుతోంది. పొత్రం ఆగింది. భార్యకు ఏం జబ్బట అని అడిగింది. తెలీదన్నాను. మళ్ళీ రుబ్బింది.

10-3-1955, గురువారం

చదువుకోవడానికి సెలవులిచ్చారు. పుస్తకం పట్టుకుని వాకిట్లో కూచున్నాను. పట్టపగలు, ఎండ మండుతోంది. అత్త చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లో నుంచి వచ్చి, నన్ను దాటుకుని, గడప దిగింది. యాడికత్తా అన్నాను. వస్తా అంది.

పుస్తకం పడేసి వెంట పోయాను.

ఆమె గోడ వారగా నడవలేదు. బజారు నడిమధ్యలో నడిచింది. ముసుగు ఉంది, తల వంచలేదు. జట్కావాడు గుర్రాన్ని పక్కకు లాగాడు. అంగళ్ళలో తూకాలు ఆగాయి. ఆమెకు దారి తెలీదు. ఒకచోట ఆగి, రామకోటయ్య బస్సుల ఆఫీసు ఎటు అని ఒక పూలామెను అడిగింది. ఆమె నోరు తెరిచి చెయ్యి చూపించింది.

రామకోటయ్య బల్ల ముందు కూచుని టికెట్ల కట్టలు కడుతున్నాడు. అత్తను చూసి లేచి నిలబడ్డాడు. ఎవరో గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కూచోవాలో నిలబడాలో తెలియలేదు.

"ఆ పొద్దు బాడుగకు తీసుకున్న కార్లో నేనుంటి. యాడికి పొమ్మంటే ఆడికి పోయేది గదా డ్రైవరు పని. పొమ్మన్నది నేను. ఆయప్పను ఏమిటికి తీసేసినావన్నా?" అంది.

రామకోటయ్య నీళ్ళు నమిలాడు. మీ అన్నగారే వచ్చి చెప్పినారు, నాకేమీ పట్టింపు లేదు అన్నాడు.

"మా అన్న కార్లో లేడు" అంది అత్త.

జనం చేరారు. ఆమె గొంతు వణకడం లేదు. రామకోటయ్య ఇంటికి పొమ్మని బతిమాలాడు. ఆమె ఆఫీసు మెట్టు మీద కూచుంది. ఎండలోనే. నేను పక్కన కూచున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

నాయన వచ్చాడు. ఎవరో మండీకి పరుగెత్తి చెప్పి ఉంటారు. గుంపును తోసుకుని వచ్చి నిలబడ్డాడు. ముఖం నల్లబడి ఉంది. కొడతాడేమో అనుకున్నాను. ఎప్పుడూ ఎవరినీ కొట్టిన మనిషి కాదు, అయినా అనుకున్నాను. ఇంటికి పద అన్నాడు.

"వస్తా, అన్నా. ఆయప్ప పని మాట తేలినాంక."

నాయన ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. అంత వెలుతురులో చెల్లెలి ముఖం చూసి ఆయనకు ఎన్నాళ్ళయి ఉంటుంది? ఆపైన రామకోటయ్య వైపు తిరిగి, ఆ మనిషిని పనిలో పెట్టుకో అప్పా, నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు.

ఆమెను వీధిలో నుంచి లేపడానికే అన్నాడా, నిజంగానే అన్నాడా, నాకు తెలీదు.

ముగ్గురం నడిచి వచ్చాం. నాయన ముందు, అత్త వెనక, నేను ఆమె వెనక. దారంతా నాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కానీ ఆమె వెనకబడినప్పుడల్లా ఆయన అడుగు నిదానమయింది.

11-3-1955, శుక్రవారం

పెద్ద ఈరన్న డోన్ పోలేదు. కృష్ణవేణి చూసిందట, నల్ల ఫోర్డు తుడుస్తున్నాడట. వాళ్ళమ్మ నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

కోడుమూరు నుంచి మాత్రం కబురు వచ్చింది. సోమవారం బండి పంపుతారట.

లెక్కలు చేయబోతే ఒక్కటీ కుదరలేదు.

14-3-1955, సోమవారం

పొద్దున్నే బండి వచ్చింది. ఎద్దులను విప్పి బండివాడు అరుగు మీద కూచున్నాడు. అమ్మ అత్త చీరలు మూట కట్టింది. విప్పింది. మళ్ళీ కట్టింది.

నాయన పిలిచాడు. అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సగం తరిగిన వంకాయ.

"నేను పోను, అన్నా. ఈ ఊర్లోనే ఉంటా."

అంతే. ఏడవలేదు, గట్టిగా అరవలేదు. నాయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. బండివాడు బయట నుంచి తొంగి చూశాడు. చాలాసేపటికి నాయన వాకిట్లోకి పోయి, అన్నం తిని పో అప్పా, మనిషి రాదు అని వాడికి చెప్పాడు.

ఆ మాట విని అమ్మ మూట మీదే కూచుండిపోయింది.

నాయన ఈరోజు మండీకి ఆలస్యంగా పోయాడు. పీట వేసుకుని అన్నానికి కూచున్నాడు. అత్తే వడ్డించింది. ఆయన పప్పు కలుపుకున్నాడు, తినలేదు. విస్తట్లోకే చూస్తూ అడిగాడు.

"ఆ డేరాల్లో ఏముండాది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అత్తకు అయింది. గరిటె పట్టుకుని నిలబడే, నువ్వు చూడలేదా అన్నా అని అడిగింది. నాకు ఆడ ఏం పని, ఎప్పుడూ ఆ దిక్కు పోలేదు అన్నాడు నాయన.

అత్త చెప్పడం మొదలుపెట్టింది. ముందు నెమ్మదిగా. లాంతర్ల మాదిరి దీపాలు, గుడ్డ మీద నీడలు, తాళ్ళు, కుర్చీ వేసిన ఆమె. గాలికి ఎగిరిపోవా అని నాయన అడిగాడు. ఇంత లావు ఇనప మేకులు కొట్టినారు అని అత్త చేత్తో చూపించింది. వానొస్తే కాగితాలు తడవవా అన్నాడు. అది తాను అడగలేదట, అడిగి ఉండవలసిందట. మంత్రులు కూడా గుడ్డ కిందే కూచుంటారా అన్నాడు. అమ్మ చారు గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. అరుగు మీద బండివాడు తినడం ఆపి వింటున్నాడు.

టెలిఫోను సంగతి కూడా చెప్పింది. నాయన తల ఎత్తాడు. చెల్లెలిని చూసి, నీ గొంతు నంద్యాలలో వినిపించిందా అన్నాడు.

ఆయన చేతిలోని అన్నం ఎండిపోయింది.

9-4-1955, శనివారం

పరీక్షలు అయిపోయాయి.

అత్త మధ్యాహ్నం ఒక్కతే బయటికి పోయింది. పొద్దు వాలాక వచ్చి, కాళ్ళు కడుక్కుని, తనలో తాను నవ్వుకుంది. ఎక్కడికని ఇంట్లో ఎవరూ అడగలేదు. రేపు పొద్దున నన్ను కూడా రమ్మంది. ఎక్కడికో చెప్పలేదు.